చలికాలంలో తలుపు సందుల్లోంచి గాలి వస్తోందా? టేప్ కొనే ముందు ఇది చూడండి

చికాగో, న్యూజెర్సీ వైపు ఉండే మనవాళ్ల ఇళ్లలో చలి మొదలవగానే వినిపించే మాట ఇది: "హీటర్ నడుస్తూనే ఉంది, అయినా హాల్లో కాళ్లు జివ్వుమంటున్నాయి." చాలాసార్లు దీనికి కారణం వీధి తలుపే.

చిన్న లెక్క చూద్దాం. తలుపు వెడల్పు మామూలుగా 36 అంగుళాలు. కింద పావు అంగుళం సందు ఉందనుకోండి. మొత్తం 9 చదరపు అంగుళాలు. అంటే గోడకి 3 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు కన్నం పెట్టి వదిలేసినట్టే కదా!

చాలామంది వెంటనే ఫోమ్ టేప్ తెచ్చి చుట్టూ అంటించేస్తారు. టేప్ మందం ఎక్కువైతే తలుపు సరిగ్గా పడదు, గడియ పట్టదు. అందుకని ముందు గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టాలి. బాగా గాలి వీచే రోజు కిటికీలు మూసేసి, కర్టెన్లు పక్కకి జరిపి, వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ చెదిరితే అక్కడే సందు. తర్వాత ఓ కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ బిగువు లేదన్నమాట.

ఇప్పుడు కారణాన్ని బట్టి మందు. గడియ వైపు పైమూల ఫ్రేమ్‌కి రాసుకుంటోందా? తలుపు వాలి ఉండొచ్చు. పై హింజ్ స్క్రూలు బిగించండి. పట్టు లేకపోతే ఒకటి తీసి, లోపలి చెక్క దాకా వెళ్లే 3 అంగుళాల స్క్రూ వేయండి. ఒక్కోసారి దీంతోనే సగం పనైపోతుంది.

పక్కల్లో రబ్బరు పట్టీ, అంటే వెదర్‌స్ట్రిప్, అణగారిపోయిందా? చాలా తలుపులకి అది గాడిలో దూర్చి ఉంటుంది. పాతది లాగేసి, అదే రకం కొని నొక్కేయడమే. కింద సందుంటే ముందు గడపలో స్క్రూలు ఉన్నాయేమో చూడండి. కొన్ని గడపలు వాటిని తిప్పితే పైకి లేస్తాయి. లేకపోతే తలుపు అడుగున డోర్ స్వీప్ బిగించండి. ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య సందుకి కాల్క్ వాడాలి. కదలని చోటే కాల్క్, తలుపు తగిలే చోట వద్దు.

అద్దె ఇల్లయితే ఓనర్‌కి చెప్పండి. ఈలోగా పాత తువ్వాలు గట్టిగా చుట్టి అడుగున పెట్టినా కొంత ఆగుతుంది. మనుషులు బయటికి వెళ్లే దారి మాత్రం మూసేయకండి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది. గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపుని కూడా ఇలాగే పరీక్షించండి. అక్కడి సందులోంచి వచ్చేది చలి ఒక్కటే కాదు, కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, ప్రాణం తీస్తుంది. గ్యాస్ హీటర్ ఉన్న ఇంట్లో సందులన్నీ మూసే ముందు, పడకగదుల దగ్గర అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి. తలుపు పని ఆ తర్వాతే మొదలుపెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో కిటికీల సంగతి చూద్దాం. ఉంటానండీ.