ఆల్గే స్క్రబ్బర్‌కు దీపం అమర్చడం: ఎంత కాంతి, ఎంత దూరం, ఎన్ని గంటలు

ఈ పాఠం చదివాక మీరు ఉప్పునీటి అక్వేరియంలోని ఆల్గే స్క్రబ్బర్‌కు తగిన దీపాన్ని ఎంచుకోగలగాలి. ఆ దీపాన్ని ఎంత దూరంలో పెట్టాలో, రోజుకు ఎన్ని గంటలు వెలిగించాలో లెక్క కట్టగలగాలి. జాలీ మీద పెరిగిన నాచు రంగు చూసి కాంతి ఎక్కువైందో తక్కువైందో చెప్పగలగాలి. కిరణజన్య సంయోగక్రియలోని రసాయన చర్యలు మీరు ఇంతకుముందే చదివారు కనుక వాటిని మళ్లీ వివరించడం లేదు.

నేను ఉండేది లక్సెట్టిపేటలో. గోదావరి పక్కనే ఉంది గాని సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఉద్యోగ విరమణ తర్వాత ఇంట్లో 100 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెడుతున్నానంటే పక్కింటాయన, "ఉప్పుచేపలు కావాల్నంటే అంగట్ల దొరుకుతయి గద సారూ" అన్నాడు. ఆ తొట్టిలో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఈ పాఠంలో మీకు ఉదాహరణగా పనికివస్తుంది. అది తర్వాత చెబుతాను.

స్క్రబ్బర్ చేసే పని

బోరింగు గద్దె మీద, చెరువు మెట్ల మీద పాకురు పట్టడం మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. తడి, వెలుతురు, కొంచెం పోషకం ఉంటే చాలు, శైవలాలు పెరుగుతాయి. పొలాల నుంచి ఎరువు కొట్టుకొచ్చిన చెరువు పచ్చగా మారడానికీ కారణం అదే. అయితే చెరువులో ఆ నాచును ఎవరూ తీయరు. అది చచ్చి, కుళ్లి, తాను తీసుకున్న నత్రజనిని, భాస్వరాన్ని తిరిగి నీటికే ఇచ్చేస్తుంది. స్క్రబ్బర్‌లో మనం నాచును ఒక జాలీ మీద కావాలని పెంచి, వారానికోసారి గీకి బయట పారేస్తాం. నాచుతో పాటు పోషకం కూడా తొట్టి నుంచి వెళ్లిపోతుంది.

అమరిక చాలా సులువు. తొట్టి కింద ఉండే సంపు నుంచి (ఇంటి ముందు నీళ్లు నిలవచేసుకునే సంపు కాదు, తొట్టికి అనుబంధంగా ఉండే చిన్న గాజు పెట్టె) ఒక మోటారు నీటిని పైకి పంపుతుంది. అడ్డంగా పెట్టిన పైపుకు అడుగున పొడవునా సన్నని చీలిక ఉంటుంది. అందులో నుంచి వేలాడే గరుకైన ప్లాస్టిక్ జాలీ మీదుగా నీరు పలుచని తెరలా జారి మళ్లీ సంపులో పడుతుంది. జాలీకి రెండు వైపులా దీపాలు ఉంటాయి. కుట్టుపనికి వాడే ప్లాస్టిక్ జాలీని రంపపు పళ్లతో బాగా గీసి గరుకు చేస్తే సరిపోతుంది. నున్నగా ఉంటే నాచు పట్టు దొరక్క జారిపోతుంది.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ. కరీబియన్ పగడపు దిబ్బల మీద పొట్టిగా, దట్టంగా పెరిగే నాచు ఎంతో వేగంగా పెరగడం గమనించి, దాన్నే నీటిని శుద్ధి చేయడానికి వాడవచ్చని ఆలోచించాడు. 1982లో పేటెంటు పొందాడు. విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆటు సమయంలో తీరపు రాళ్లను చూడండి. అల విరిగే చోట, ఎండ నేరుగా తగిలే చోట, రాతిని కప్పేసిన పచ్చని అల్వా కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ఎంటిరోమార్ఫా అని చదివిన గొట్టపు నాచును కూడా ఇప్పుడు అల్వా ప్రజాతిలోనే కలిపేశారు. పలుచని నీరు, ఆగని కదలిక, బలమైన వెలుతురు: ఆ రాయి మీద ఉన్న పరిస్థితినే మనం ఇంట్లో జాలీ మీద కల్పిస్తున్నాం.

ఎంత నాచు పెరగాలి?

కాంతి లెక్క దీపం దగ్గర కాదు, మేత దగ్గర మొదలవుతుంది. చాలామంది తొట్టి ఎన్ని లీటర్లో చూసి స్క్రబ్బర్ కొంటారు. అది సరికాదు. నీరు ఎంత ఉన్నా, రోజూ లోపలికి వచ్చే నత్రజని మేతతోనే వస్తుంది.

నా తొట్టిలో రెండు చిన్న క్లౌన్ చేపలు, ఒక డాంసెల్ చేప ఉండేవి. రోజుకు 0.3 గ్రాముల పొడి మేత వేసేవాణ్ణి. అందులో 40 శాతం మాంసకృత్తులు అనుకుంటే 0.12 గ్రాములు. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని. అంటే రోజుకు 19 మిల్లీగ్రాముల నత్రజని. అదంతా నైట్రేటుగా మారితే, నైట్రేటు అణుభారం 62ను నత్రజని 14తో భాగించి గుణించండి: సుమారు 85 మిల్లీగ్రాములు. 100 లీటర్లలో రోజుకు లీటరుకు 0.85 మిల్లీగ్రాముల చొప్పున నెలకు సుమారు 25 పెరుగుతుంది. చేప శరీరంలో చేరేది కొంత ఉంటుంది కనుక ఇది గరిష్ఠ అంచనా.

ఇప్పుడు దీన్ని నాచులోకి మార్చండి. ఎండిన నాచు బరువులో 4 శాతం నత్రజని అనుకుందాం. 19 మిల్లీగ్రాములను పట్టుకోవడానికి రోజుకు దాదాపు అర గ్రాము ఎండు నాచు తయారవ్వాలి. పచ్చి నాచులో 90 శాతం నీరే అనుకుంటే వారానికి సుమారు 34 గ్రాముల పచ్చి నాచు, అంటే పిడికిట్లో పట్టేంత. మనం అమర్చే కాంతి చేయాల్సిన పని ఇదే: వారానికి ఒక పిడికెడు నాచు. అంతకంటే ఎన్నో రెట్లు కాంతి ఇచ్చినా పిడికెడు రెండు పిడికిళ్లు కాదు, ఎందుకంటే మేత అంతే ఉంది.

అక్వేరియం పెంపకందారులు అనుభవంతో ఒక కొలత వాడతారు. రోజుకు ఒక చిన్న ఘనమంత గడ్డకట్టిన మేతకు, రెండు వైపులా వెలుతురు పడే 12 చదరపు అంగుళాల జాలీ. ఆ ఘనంలో ఎక్కువ భాగం నీరే కనుక పొడి బరువు మన లెక్కలోని 0.3 గ్రాములకు దగ్గరగానే వస్తుంది. 12 చదరపు అంగుళాలంటే సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అరచేయంత జాలీ! ప్రతి సెంటీమీటరు వెడల్పుకు గంటకు 50 లీటర్ల చొప్పున నీరు పారాలి, అంటే గంటకు 400 లీటర్ల మోటారు. కాంతికి పాత సీఎఫ్ఎల్ దీపాలైతే రెండు వైపులా కలిపి 12 వాట్లు, ఎల్ఈడీ అయితే అందులో సగం, 6 వాట్లు.

నా పొరపాటు

నేను మంచిర్యాల నుంచి 50 వాట్ల ఫ్లడ్ లైట్లు రెండు తెచ్చాను. కాంతి ఎక్కువైతే నాచు ఎక్కువ పెరుగుతుందనుకున్నాను. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాడు అలా అనుకోవడం సిగ్గుచేటే, కాని అనుకున్నాను. కొత్త జాలీకి రెండు వైపులా 5 సెంటీమీటర్ల దూరంలో బిగించి, రోజుకు 18 గంటలు వెలిగించాను. అవసరమైన దానికి పదహారు రెట్లకు పైగా! పది రోజులైనా జాలీ మీద పసుపుపచ్చని, రబ్బరులా సాగే పలుచని పొర తప్ప ఏమీ లేదు. కాంతి చాలలేదేమోనని గంటలు పెంచి 22 చేశాను. అది మే నెల. బయట 45 డిగ్రీలు. ఆ 100 వాట్లూ చివరికి వేడిగా మారేవే. తొట్టి నీరు 26 దగ్గర ఉండాల్సింది 32 దాటింది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది. ఒకనాటి తెల్లవారుజామున డాంసెల్ చేప అడుగున పక్కకు ఒరిగి ఉంది. నైట్రేటు మాత్రం ఒక్క గీత కూడా తగ్గలేదు.

ఏం జరిగిందో మీరు చదివిన దానితోనే వివరించవచ్చు. పత్రహరితం గ్రహించిన శక్తిని వాడుకోవడానికి కణానికి కార్బన్ డయాక్సైడ్, నత్రజని, భాస్వరం, ఇనుము అందాలి. అవి అందే వేగం కంటే కాంతి వేగంగా వస్తే మిగిలిన శక్తి కణానికే హాని చేస్తుంది. దీన్నే కాంతి నిరోధం అంటారు. కొత్త జాలీ మీద నాచు పొర పలుచన కనుక ఒక కణానికి ఇంకో కణం నీడ లేదు. కణాలు పత్రహరితాన్ని తగ్గించుకుని పసుపుపచ్చగా మారతాయి. అంటే ఆ పసుపు రంగు 'ఇంకా కాంతి కావాలి' అని కాదు, 'చాలు' అని.

మిగిలిన రెండు చేపల కోసం రెండు ఫ్లడ్ లైట్లూ తీసేశాను. వైపుకు 3 వాట్ల ఎల్ఈడీ పెట్టి, రోజుకు 9 గంటలే వెలిగించాను. మూడో వారానికి జాలీ మీద ఆకుపచ్చని వెంట్రుకలు కనిపించాయి. అప్పుడు వారానికి రెండు మూడు గంటల చొప్పున 18కి పెంచాను. కరెంటు ఖర్చు కూడా చూడండి: 100 వాట్లు 18 గంటలకు నెలకు 54 యూనిట్లు, 6 వాట్లు 3 యూనిట్లకు కొంచెం ఎక్కువ.

ఏ రంగు కాంతి?

దీపం డబ్బా మీద రాసే ల్యూమెన్లు, ఫోనులో కొలిచే లక్సు, రెండూ మనిషి కంటికి సంబంధించిన కొలతలు. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని అన్నిటికంటే ఎక్కువగా గుర్తిస్తుంది. 660 నానోమీటర్ల ముదురు ఎరుపుకు దాని స్పందన అందులో 6 శాతం మాత్రమే. పత్రహరితం-ఎ విషయం వేరు. అది 430, 660 నానోమీటర్ల పరిసరాల్లోనే ఎక్కువగా గ్రహిస్తుంది. కనుక మనకు మసకగా కనిపించే ఎర్ర ఎల్ఈడీ నాచుకు మంచి భోజనం కావచ్చు. ఫోను మీద లక్సు చూసి ఎర్ర దీపాన్ని పనికిరాదని పారేయకండి.

సముద్రంలో కొన్ని మీటర్ల లోతుకే ఎరుపును నీరు పీల్చేస్తుంది. అందుకే పగడాల తొట్టికి నీలి దీపాలు పెడతారు. జాలీ మీద నీటి పొర పలుచన గనుక ఆ ఇబ్బంది లేదు. 660 నానోమీటర్ల ఎరుపు ఎక్కువగా, 450 దగ్గరి నీలం కొద్దిగా కలిసిన మొక్కల దీపం అన్నిటికంటే మేలు. అది దొరక్కపోతే 2700 నుంచి 3000 కెల్విన్ల వార్మ్ వైట్ ఎల్ఈడీ, అంటే దుకాణంలో 'పసుపు వెలుతురు' అని అడిగితే ఇచ్చేది, బాగానే పనిచేస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నది అదే.

దూరం, సమయం

చిన్న దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే దాని పరిమాణంతో పోల్చినప్పుడు దూరం చాలా ఎక్కువైనచోట కాంతి తీవ్రత నాలుగో వంతు అవుతుంది. పెద్ద పలకలాంటి దీపాన్ని దగ్గరగా పెట్టినప్పుడు ఈ వర్గ విలోమ సూత్రం అలాగే వర్తించదు, తగ్గుదల తక్కువ. కనుక దూరాన్ని లెక్కతో కాక జాలీని చూసి సరిచేయండి. 5 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, మధ్యలో మాత్రమే పసుపుగా మారి అంచులు పచ్చగా ఉంటే 8కి, 10కి జరపండి.

స్క్రబ్బర్ దీపం రాత్రి వెలగడం మంచిది. తొట్టి దీపం ఆరిపోయాక లోపలి జీవులన్నీ శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, నీటి పీహెచ్ పడిపోతుంది. అదే సమయంలో జాలీ మీది నాచు ఆ వాయువును తీసుకుంటే పీహెచ్ నిలకడగా ఉంటుంది. మన ప్రాంతంలో రాత్రి కొంచెం చల్లగా ఉంటుంది గనుక దీపం వేడీ తక్కువ బాధిస్తుంది. దీపం పోతే ఏం ఫరవాలేదు, ఒక రోజు చీకటిని నాచు తట్టుకుంటుంది. మోటారు ఆగితేనే ప్రమాదం, జాలీ ఎండిపోతుంది. ఇన్వర్టరు ఉంటే ముందు మోటారుకు ఇవ్వండి. దీపపు వెలుతురు సంపులోకి, తొట్టిలోకి పడకుండా నల్లని అట్ట అడ్డం పెట్టాలి. లేకపోతే నాచు మీరు కోరని చోట కూడా పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఉప్పునీటిలో కరెంటు మంచినీటిలో కంటే చాలా సులువుగా పారుతుంది. దీపానికి, జాలీకి మధ్య అక్రిలిక్ పలక ఉండాలి. ఎల్ఈడీ డ్రైవరును నీటి మట్టం కంటే పైన, తుంపర తగలని చోట బిగించండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు లేకుండా ఈ ప్రయోగం ఇంట్లో చేయవద్దు. నాచు గీకే ముందు ప్లగ్గు తీయాలి.

జాలీ రంగు చదవడం

పచ్చని, వెంట్రుకల్లాంటి నాచు సరైన కాంతికి గుర్తు. పసుపు, రబ్బరు పొర అయితే పోషకానికి మించిన కాంతి. గంటలు తగ్గించండి, నీటి ప్రవాహం అంతటా సమంగా ఉందో లేదో కూడా చూడండి. నల్లగా, గోధుమగా, జిగురుగా ఉంటే పోషకం ఎక్కువ, కాంతి తక్కువ. గీకిన నాచు వేరు దగ్గర తెల్లబడి తేలిగ్గా ఊడిపోతుంటే పొర మందమై అడుగుకు కాంతి చేరడం లేదని అర్థం. పది రోజులకు గీకేది ఏడు రోజులకే గీకండి. మొదటి మూడు వారాలు జాలీ మీద గోధుమరంగు డయాటములు కనిపించడం సహజం. వాటిని చూసి దీపం మార్చవద్దు.

అభ్యాసం

ఒక తొట్టిలో రోజుకు 0.6 గ్రాముల మేత వేస్తున్నారు. జాలీ 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దీపాలు మొత్తం 6 వాట్లు, 18 గంటలు. జాలీ ముదురు గోధుమగా, జిగురుగా ఉంది. నైట్రేటు నెలనెలా పెరుగుతోంది. వారానికి ఎంత పచ్చి నాచు తీయాల్సి ఉంటుందో లెక్కించండి. మీరైతే ముందు మేత తగ్గిస్తారా, దీపం పెంచుతారా, జాలీ పెద్దది చేస్తారా? ఒక్కటే ఎంచుకుని, కారణాలతో పది వాక్యాల్లో రాయండి.