వీధి గుమ్మం సర్దితే ఇల్లు సగం సర్దినట్టే!

ఇల్లు సర్దడం అనగానే మనం వంటింటి అలమరతో మొదలుపెడతాం. వీధి గుమ్మం వంతు చివర్న వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. మా ఉద్దానం పల్లెల్లో చాలా ఇళ్ళు పక్కగోడలు కలుపుకుని వరుసగా ఉంటాయి. వీధి అరుగు, వసారా, గది వెనక గది, ఆఖర్న పెరడు. పక్కన సందు ఉండదు. కొబ్బరికాయలైనా, ధాన్యం బస్తాలైనా, నీళ్ళ డబ్బాలైనా ఆ ఒక్క గుమ్మంలోంచే రావాలి. అందుకే ఏది ఎక్కడ ఆగాలో అక్కడే తేల్చుకోవాలంటాను.

ఇసకకి రెండు పట్టాలు

మావి ఇసక నేలలు. ఎంత ఊడ్చినా పక్కల మీదికి ఇసక వచ్చేస్తుంది. "కాళ్ళు కడుక్కుని రండర్రా" అని మా అత్తగారు రోజూ అరుస్తూనే ఉంటారు. అరుగు పక్కన నీళ్ళ గోలెం, చెంబు, నిలబడ్డానికి ఓ గరుకు రాయి ఉంటే పిల్లలు చెప్పకుండానే కడుక్కుంటారు. గోలేనికి మూత తప్పనిసరి. వారానికోసారి నీళ్ళు పారబోసి, లోపలి గోడలు తోమాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నీళ్ళలోనే. గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా, లోపల పాత చీరతో కుట్టిన మందపాటి గుడ్డ వేయండి. మొదటిది ఇసక దులుపుతుంది, రెండోది తడి పీలుస్తుంది.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ దొరుకుతుంది కదా అని మెట్లకి నున్నటి పలకలు వేయించేవాళ్ళున్నారు. చూడ్డానికి అద్దంలా ఉంటాయి. తడి కాలు పడితే మాత్రం జారిపోతాయి. మెట్లకి గరుకు పలకే అడగండి.

చెప్పులు నేల మీద వద్దు

చెప్పులకి జానెడు ఎత్తున రెండు చెక్కలు కొట్టిస్తే చాలు. తోటల మధ్య ఇళ్ళు కనుక తేళ్ళు, పాములు మనకి కొత్త కాదు. బూట్లు దులిపాకే తొడుక్కోమని పిల్లలకి నేర్పండి. కొబ్బరి డొక్కలు, కట్టెలు అరుగుని ఆనించి పేర్చకండి. ఎలకలు చేరతాయి, వాటి వెనకే పాములు. చీకటి పడ్డాక గుమ్మం ముందు ఒక దీపం వెలగాల్సిందే.

జీడి జిడ్డు గుమ్మం దాటకూడదు

పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో! పిక్క తొక్కలోని నూనె మామిడి సొన లాంటిదే, అంతకన్నా ఘాటు. చర్మం కాలి పొక్కుతుంది. పనినించి రాగానే పిల్లలు చేతులు చాచి పరిగెత్తుకొస్తారు. ఎత్తుకునే ముందు చేతులు శుభ్రం కావాలి. అందుకే గోలెం పక్కన ఆముదమో, కొబ్బరినూనో చిన్న సీసాలో ఉంచండి. ముందు నూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పని చీరకి వసారాలో వేరే కొక్కెం పెట్టండి. దాన్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

నీళ్ళ డబ్బా, నీరసించిన మనిషి

2023 డిసెంబరులో ఉద్దానానికి మంచినీటి పథకం ప్రారంభమైంది. అయినా మా వీధిలో డబ్బా నీళ్ళ అలవాటు పోలేదు. ఇరవై లీటర్ల డబ్బా అంటే ఇరవై కిలోల బరువు. గుమ్మానికి ఎదురుగా దింపేస్తే అందరి కాళ్ళకీ అడ్డం. వసారాలో గోడవారగా, ఎండ పడని చోట ఓ స్టూలు వేసి దానిమీద పెట్టించండి.

కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి ఉన్న ఇళ్ళు మా వైపు చాలానే. తిరిగొచ్చేసరికి వాళ్ళకి నీరసం, ఒక్కోసారి కళ్ళు తిరగడం. వంగి చెప్పులు విప్పలేరు. గుమ్మం పక్కన కూర్చోడానికి బల్ల, మెట్టు దగ్గర పట్టుకోడానికి గట్టి ఇనుప కడ్డీ ఉండాలి. వాటికి పెద్ద ఖర్చు కాదు. అవి లేక పడి తుంటి విరిగితే మాత్రం ఆ ఇంటి కష్టం రెట్టింపు. ఫిస్టులా ఉన్న చేతితో బరువు ఎత్తనివ్వకండి, ఆ చెయ్యి పట్టుకుని లాగకండి. ఆసుపత్రి కాయితాల సంచీకి బల్ల పైనే కొక్కెం కొట్టండి.

తుపాను సంచి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిచెట్లు కుప్పకూలాయి, కరెంటు రోజుల తరబడి లేదు. ఆ చీకట్లో టార్చిలైటు కోసం, కాయితాల కోసం వెతుక్కోవడమంటే ఎంత కష్టమో ఆ రాత్రి చూసినవాళ్ళకి తెలుసు. గుమ్మం లోపలివైపు, తలెత్తున ఓ మేకుకి తుపాను సంచి వేలాడదీయండి. ఆధార్, రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకం, భూమి పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. టార్చి, అగ్గిపెట్టె, రోజూ వేసుకునే మాత్రలు, ఆసుపత్రి కాయితాల నకళ్ళు కూడా అందులోనే. హెచ్చరిక వినగానే అరుగు మీది చెప్పుల చెక్క, బల్ల, ఖాళీ డబ్బాలు లోపలికి చేర్చేయండి. గాలికి అవి లేచి ఎవరికైనా తగిలితే ప్రమాదం.

అన్నీ ఒక్కరోజే చెయ్యక్కర్లేదు. ఈ ఆదివారం అరుగు మీద కాసేపు కూర్చుని ఎవరు ఏం పట్టుకొస్తున్నారో, ఎక్కడ దింపుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో గమనించండి. ముందు ఆ తడబడేచోటు సర్దండి. మిగతావి వారానికొకటి చేసుకోవచ్చు.