మంద్రస్థాయి వెంట: బేస్ గిటార్‌ని విని నేర్చుకోవడం, రాసుకోవడం

డిట్రాయిట్ నగరంలో వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు బయటినుంచి చూస్తే సాధారణమైన ఇల్లే. 1959లో బెర్రీ గోర్డీ దాన్ని కొని, వెనుక భాగాన్ని రికార్డింగ్ స్టూడియోగా మార్చాడు. మోటౌన్ సంస్థ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయే వరకూ, అంటే 1972 వరకూ, అమెరికా అంతటా రేడియోల్లో మోగిన వందల పాటలు ఆ గదిలోనే పుట్టాయి. గాయకుల పేర్లు ఇంటింటికీ తెలిశాయి. వారి వెనుక వాయించినవారి పేర్లు మాత్రం రికార్డు అట్టల మీద అచ్చు కాలేదు. వారిలో ఒకడు జేమ్స్ జేమర్‌సన్. 1936లో సౌత్ కరొలైనాలో పుట్టి, తరువాత డిట్రాయిట్ చేరి, బడిలో నిలువు బేస్ నేర్చుకుని, 1960ల మొదట్లో ఎలక్ట్రిక్ బేస్ చేతబట్టాడు. బేస్ గిటార్ నేర్చుకోదలచిన విద్యార్థి ఈనాటికీ ఏదో ఒక దశలో అతని దగ్గరికి రాక తప్పదు. అయితే ఆ పాఠానికి చాలాకాలం పుస్తకం లేదు. రికార్డు ఉంది, చెవి ఉంది, అంతే.

ఆ చెవికి అప్పగించిన పని ఎంత కష్టమైనదో ముందు చూడాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. మిగిలిన మూడూ 55, 73.4, 98 హెర్ట్‌జ్. ఈ ప్రాంతంలో మనిషి చెవి మందకొడిగా ఉంటుంది. బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన కొలతలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. 1000 హెర్ట్‌జ్ స్వరం దాదాపు సున్నా డెసిబెల్ దగ్గరే వినబడటం మొదలవుతుంది. 40 హెర్ట్‌జ్ స్వరం వినబడాలంటే సుమారు 50 డెసిబెల్‌లు కావాలి. పైగా ఈ స్థాయిలో పక్కపక్క స్వరాలు చాలా దగ్గరగా ఉంటాయి. వయొలిన్‌లో 440 హెర్ట్‌జ్ స్వరానికీ దాని పై అర్ధస్వరానికీ మధ్య 26 హెర్ట్‌జ్ తేడా. బేస్ అడుగు తీగ మీద అదే అంతరం రెండున్నర హెర్ట్‌జ్ కూడా లేదు.

కాలం సంగతి ఇంకా ఆసక్తికరం. నిమిషానికి 120 లయ కొట్టే పాటలో, ఒక దెబ్బలో నాలుగోవంతు పట్టే స్వరం నిలిచేది సెకనులో ఎనిమిదోవంతు. ఆ వ్యవధిలో అడుగు తీగ కంపించేది సుమారు అయిదు సార్లు. అయిదు ఊపుల్లో అది ఏ స్వరమో మెదడు తేల్చుకోవాలి. జేమర్‌సన్ బాణీలో ఇటువంటి చిన్న స్వరాలు కొల్లలు. అందుకే మొదటిసారి విన్నవారికి స్వరం కాక ఏదో కదలిక మాత్రమే తెలుస్తుంది. తమ చెవి మొద్దుబారిందని వారు నొచ్చుకుంటారు గాని, తప్పు వారిది కాదు.

మరి అరచేయంత స్పీకరున్న రేడియోలో, 41 హెర్ట్‌జ్ ధ్వనిని పుట్టించే శక్తే లేని పెట్టెలో, ఆ పాటల బేస్ ఎలా వినబడింది? తీగ మీటినప్పుడు ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో అనుస్వరాలు కూడా పుడతాయి. 82, 123, 165 హెర్ట్‌జ్ అనుస్వరాలు చెవికి చేరితే చాలు. వాటన్నిటికీ మూలం 41 అని మెదడు లెక్కగట్టి, లేని స్వరాన్ని ఉన్నట్టుగా వినిపిస్తుంది. దీనికి నిత్యజీవితంలో ఉదాహరణ పాత టెలిఫోన్. అది 300 హెర్ట్‌జ్‌కి దిగువనున్న ధ్వనిని పంపదు. మగవారి గొంతు మూలస్వరం సాధారణంగా అంతకన్నా చాలా కిందే ఉంటుంది. అయినా హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన తండ్రి గొంతు ఆడగొంతులా వినిపించదు. రాసుకునేవారికి దీనినుంచి దొరికే సలహా ఒకటుంది. బేస్ స్పష్టంగా వినాలని కింది స్థాయిని విపరీతంగా పెంచడం వృథా శ్రమ. 80కీ 300కీ మధ్యనున్న భాగాన్ని కాస్త పెంచి, తాళవాద్యాల మెరుపుని తగ్గిస్తే స్వరం తనంతట తానే పైకి తేలుతుంది.

క్యాసెట్, టేపు రోజుల్లో విద్యార్థులు ఒక తమాషా ఉపాయం పాటించారు. వేగంగా సాగే గిటార్‌ని రాసుకునేవారు టేపుని సగం వేగంతో తిప్పేవారు. స్వరం ఒక స్థాయి కిందికి దిగినా, గమనం నెమ్మదించేది. బేస్ విషయంలో ఇది బెడిసికొడుతుంది. 41 హెర్ట్‌జ్ సగమై 20కి దిగితే వినడానికి ఏమీ మిగలదు. అందుచేత బేస్ విద్యార్థులు టేపుని రెట్టింపు వేగంతో తిప్పారు. బేస్ ఒక స్థాయి పైకెక్కి మామూలు గిటార్‌లా పలికేది. స్వరాలను అక్కడ పట్టుకుని, లయను అసలు వేగంలో సరిచూసుకునేవారు. ఈ రోజున కంప్యూటర్ శ్రుతినీ వేగాన్నీ విడదీసి, దేనికది మార్చగలదు. 2019లో డీజర్ సంస్థ విడుదల చేసిన స్ప్లీటర్ వంటి సాధనాలు మిశ్రమంలోంచి బేస్‌ని వేరుచేసి ఇస్తాయి కూడా. సదుపాయమే, కాని వేరుచేసిన బేస్‌లో డ్రమ్ము అవశేషాలు మిగులుతాయి, మీటు తాలూకు పదును కొంత పోతుంది. జేమర్‌సన్ ప్రాణమంతా ఆ పదునులోనే ఉంది కనుక, యంత్రం ఇచ్చినదాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు గాని తీర్పుగా తీసుకోకూడదు.

వినడంలో ముందు చేయవలసింది వాద్యాన్ని పక్కన పెట్టడం. రెండు కొలతల పాటు సాగే భాగాన్ని గొంతుతో పాడగలిగే వరకూ వినాలి. మన సంగీత గురువులు శతాబ్దాలుగా చెప్పించినది ఇదే. పాడలేనిదాన్ని వేళ్ళు వెతికితే ఊహాగానమే మిగులుతుంది. టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ పాట ఈ అభ్యాసానికి చక్కని ఆరంభం. గిటార్ అందుకునేలోపు బేస్ ఒంటరిగా వినిపిస్తుంది. పాడటం వచ్చాక లయను రాయాలి, ఆ తరువాతే స్వరాలను నింపాలి. చాలామంది తిరగేసి చేసి చిక్కుల్లో పడతారు.

అసలు చిక్కు స్వరం తెలిశాక మొదలవుతుంది. వదిలిన నాలుగో తీగ ఇచ్చే 98 హెర్ట్‌జ్ స్వరమే పక్క తీగ అయిదో మెట్టు మీద, దాని పక్కది పదో మెట్టు మీద, అడుగు తీగ పదిహేనో మెట్టు మీద కూడా దొరుకుతుంది. పాశ్చాత్య స్వరలిపిలో నాలుగింటికీ ఒకే చుక్క. వినికిడికి మాత్రం నాలుగూ నాలుగు రకాలు. నిలువు బేస్ అలవాటున్న జేమర్‌సన్ కింది మెట్ల దగ్గరే ఉండి, వదిలిన తీగలను దారిలో మెట్లుగా వాడుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటాడు. వంతెన దగ్గర స్పాంజి ముక్క, ఏళ్ళ తరబడి మార్చని పాత తీగలు కలిసి స్వరాన్ని పొట్టిగా, గుండ్రంగా చేశాయి. అందువల్ల ఏ స్వరం వదిలిన తీగదో గుర్తించగలిగితే, చేయి ఎక్కడుందో గుర్తించినట్టే. ఇది కొంత రోగనిర్ధారణను పోలిన పని. ఒక్క లక్షణం సరిగా దొరికితే మిగిలినవన్నీ వరుసలో నిలబడతాయి.

స్వరం లేని మీటులు కూడా ఉన్నాయి. ఎడమచేయి తీగను తాకి మూసివుంచగా, కుడిచేయి కొట్టే దెబ్బలు. స్వరలిపిలో వీటికి గుండు బదులు ఇంటూ గుర్తు వేస్తారు. రాసిన కాగితంలో ఇవి లోపిస్తే స్వరాలన్నీ ఒప్పే అయినా పాట నడవదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంనుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. ఒట్టి సరిగమలు రాస్తే కృతి ఎముకల గూడుగా మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ వినికిడితో బతికిన విద్యను, వినికిడి ఎరుగని పాఠకుడికి అందించవలసిన అవసరమే కొత్త గుర్తులను పుట్టించింది.

జేమర్‌సన్ వాద్యానికి ఆ పని చేసినవాడు ఫిలడెల్ఫియా గిటారిస్టు అలన్ స్లట్‌స్కీ. డాక్టర్ లిక్స్ అనే కలంపేరుతో అతను 1989లో ప్రచురించిన ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’లో జేమర్‌సన్ జీవితచరిత్రా, పాటల స్వరలిపీ ఒకే అట్టల మధ్య ఉన్నాయి. పుస్తకంతోపాటు వచ్చిన క్యాసెట్లలో పేరున్న బేస్ వాద్యకారులు ఆ వరుసలను వాయించి వినిపించారు. 2002లో అదే పేరుతో చలనచిత్రం వచ్చింది. జేమర్‌సన్ ఇవేవీ చూడలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బం అట్ట మీద మాత్రం వాద్యకారుల పేర్లతో పాటు అతని పేరు అచ్చయింది. 1983 మార్చిలో పాసడీనాలో మోటౌన్ పాతికేళ్ళ వేడుక జరిగినప్పుడు, అతను టికెట్టు కొనుక్కుని ప్రేక్షకుల మధ్య కూర్చున్నాడు. ఆ ఆగస్టులోనే, 47వ ఏట, లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని చేర్చుకుంది. అతని పేరు జనంలోకి రావడానికి పత్రికల విమర్శలకన్నా, ఒక వ్యక్తి ఓపికగా విని రాసిన కాగితాలే ఎక్కువ తోడ్పడ్డాయనిపిస్తుంది.

చెవుల గురించి ఒక హెచ్చరిక అవసరం. బేస్ వినబడటం లేదని హెడ్‌ఫోన్ల ధ్వనిని పెంచినప్పుడు, బేస్‌తోపాటు తక్కినవన్నీ పెరుగుతాయి. నష్టం మొదట కనిపించేది బేస్ స్థాయిలో కాదు, 4000 హెర్ట్‌జ్ పరిసరాల్లో. కార్మికుల విషయంలో అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ సూచించే హద్దు 85 డెసిబెల్‌ల దగ్గర రోజుకు ఎనిమిది గంటలు. ప్రతి 3 డెసిబెల్‌లకీ ఆ గడువు సగమవుతుంది. 94 దగ్గర ఒక గంటే. ఒకే రెండు కొలతలను వందసార్లు తిప్పి వినే మనిషికి గంట ఎప్పుడు గడిచిందో తెలియదు. నడివయసులో బేస్ పట్టుకున్నవారికి ఎత్తైన పౌనఃపున్యాలు ఎలాగూ తగ్గుముఖంలో ఉంటాయి. మీటు తాలూకు టక్కుమనే శబ్దం వినబడేది అక్కడే.

రాయడం పూర్తయ్యాక చేసే పరీక్ష సులువైనది. అసలు పాట మోగుతుండగా కాగితం చూసి దానితోపాటు వాయించాలి. స్వరాల తప్పులు వెంటనే పట్టుబడతాయి. ఆలస్యంగా తెలిసేది స్వరాల నిడివి. ఎక్కడ ఎత్తాలో రాసుకున్నవారు ఎక్కడ ఆపాలో రాసుకోరు. జేమర్‌సన్ ఏ స్వరాన్ని ఎప్పుడు వదిలేశాడో వినడానికి మళ్ళీ మొదటి కొలతకి వెళ్ళాలి.