బొంత
బొంత అనగా పాత నూలు చీరలు, పంచెలను పొరలుగా పరచి కలిపి కుట్టిన మందమైన పక్కగుడ్డ. దీనిని పరచుకొనుటకు, కప్పుకొనుటకు కూడా వాడుతారు. ఇటువంటిదానినే బెంగాలులో కాంథా అని, కర్ణాటకలో కౌది అని అంటారు.

హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఇక్కడి చలికాలపు రాత్రులకు పలుచని బొంత చాలును. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములోనో, పక్కనే ఉన్న తార్నాకలోని అద్దెగదిలోనో ఉండే విద్యార్థి మంచానికి ఒక్క చీరతోనే బొంత తయారగును. ఐదున్నర మీటర్ల చీర సుమారు 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవున మూడు పొరలు వచ్చును. వెడల్పు నాలుగడుగులకు కొంచెం తక్కువ.

పొరలు జరగకుండా ముందు వదులుగా పెద్ద కుట్లు వేసి, తరువాత నడిమి నుండి అంచులకు దగ్గరగా కుట్టవలెను. అంచుల నుండి మొదలుపెడితే ముడతలన్నీ నడుమ చేరును. కుట్టు మిషను పాదము పై పొరను ముందుకు నెట్టును గనుక చేతికుట్టే మేలు. పొడవైన సూది, గట్టి నూలుదారము, కత్తెర, వేలికి అంగుస్తాను ఉంటే చాలును. దబ్బనము గోనెసంచులకే తగినది. నూలుగుడ్డకు రంధ్రములు పడును. పాలియెస్టరు చీర చిరగదు గాని చెమట పీల్చదు. పలుమార్లు ఉతికిన నూలు చీర దొరకుటే ఇప్పుడు కష్టము.