పుదీనాని వేరే కుండీలోకి మార్చేశా

మేడ మీద ఒకే తొట్టిలో పుదీనా, వాము ఆకు, సరస్వతి ఆకు, నిమ్మగడ్డి అన్నీ కలిపి పెట్టేశా. తప్పు నాదే. పుదీనా కాడలు పాకుతూ కణుపు కణుపుకీ వేర్లు వేసేస్తాయి. అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి తెచ్చుకున్న సరస్వతి ఆకుని మొత్తం కప్పేసింది, చూడండి, రెండే మొక్కలు మిగిలాయి. రోజూ నీళ్లు పోసేసరికి వాము ఆకు మొదలు కుళ్లింది.

అందుకే ఈసారి నీళ్లని బట్టి విడదీశా. పుదీనాకి విడిగా వెడల్పాటి కుండీ. సరస్వతి ఆకుకి తడి, కాస్త నీడ కావాలి కాబట్టి గోడ పక్కన. వాము ఆకు ఎండవైపు, మట్టి ఆరాకే నీళ్లు. నిమ్మగడ్డి దుబ్బుని వేర్లతో చీల్చి, ఆకులు జానెడు ఉంచి కత్తిరించి నాటండి. తొలకరి పడ్డాక మారిస్తే తొందరగా నాటుకుంటాయి. అన్నట్టు, పాత మట్టి బాగా వెతకండి, పుదీనా వేరుముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది.