పట్టికల నడుగు విధము

ఏ చేను ఎవరిది, దాని శిస్తు ఎంత అను లెక్కలను పూర్వము కరణములు వ్రాసి యుంచెడివారు. నేడు ఇట్టి లెక్కలు కంప్యూటరులలోని పట్టికలలో నున్నవి. వానిని ప్రశ్నించి సమాధానము రాబట్టు విధమును గూర్చి కొంత ముచ్చటింతము.

1970లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసమును ప్రకటించెను. సమాచారమును పట్టికలుగా నమర్చవలెననియు, పట్టికల నడుమ సంబంధము వానిలోని విలువల మూలముననే తెలియవలెననియు ఆయన సిద్ధాంతము. వర్షపాతపు పట్టికలో కేంద్రపు సంఖ్య మాత్రముండిన చాలును. ఆ సంఖ్యనుబట్టి కేంద్రముల పట్టికలో ఊరి పేరు చూచుకొనవచ్చును. పేరు వేయిసార్లు వ్రాయ నక్కరలేదు. ఇట్టి పట్టికల నడుగుటకై అదే సంస్థకు చెందిన ఛాంబర్లిన్, బాయిస్ అనువారు 1974లో ప్రకటించిన భాషయే నేటి ఎస్.క్యు.ఎల్.కు మూలము.

విశ్లేషణకు వేరు భాషలు కలవు. న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనువారు 1990ల తొలినాళ్ళలో ఆరంభించిన 'ఆర్' అట్టిది. దానినుండి పట్టికల నడుగుటకు మెట్లు మూడు: డేటాబేసుతో సంబంధము కలుపుకొనుట, ప్రశ్న పంపి జవాబు గైకొనుట, పని ముగిసినంతనే సంబంధము విడుచుట.

కోటి వరుసల పట్టికను మొత్తముగా తెప్పించి ఇచ్చట కూడుకొనుట తెలివి గాదు. తెచ్చుకొన్నదానిని ఆర్ సామాన్యముగ యంత్రపు జ్ఞాపకమునందే నిలుపుకొనును. అంత బరువును ఇంటి కంప్యూటరు మోయలేకపోవచ్చును. కొట్టులోని ధాన్యమునంతయు ఇంటికి మోయించి కొలుచువా డుండునా? కొట్టుకడనే కొలిపించి లెక్క తెచ్చుకొనును. అట్లే కూడికను డేటాబేసునకే అప్పగించి, ఫలితపు కొలది వరుసలను మాత్రము తెప్పించుకొనవలెను.

అయితే ఇందొక మెలిక కలదు. మొదటినాడు 10 మి.మీ., రెండవనాడు 20 మి.మీ. వాన, మూడవనాడు నమోదు లేదనుకొందము. సగటెంత యని ఎస్.క్యు.ఎల్. నడిగిన, అది ఖాళీని విడిచి 15 అనును. అదే పట్టికను ఆర్‌లోనికి తెచ్చి అడిగిన, సగటు తెలియదనును. ఖాళీని విడువుమని మనము చెప్పిననే 15 అనును. ఖాళీని సున్నతో పూరించిన 10 వచ్చును. వాన కురియకుండుట వేరు, కొలువకుండుట వేరు. చెరువు నీటిని ఎంత విడువవలెనో ఈ అంకెలనుబట్టి నిర్ణయించువారికి ఈ భేదము చిన్నది గాదు. కావున సగటు నడుగుటకు ముందే వరుస లెన్ని, ఖాళీ లెన్ని అని అడిగి, ఆ రెండంకెలను సగటు ప్రక్కనే వ్రాయవలెను. అప్పుడు ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చునో చదువువారికే తెలియును.