సింగరేణి ప్రాంత అభ్యాసకుల ఇంగ్లీషు సమస్యలు: తెలుగు వాక్యనిర్మాణ నేపథ్యం

వ్యాససంగ్రహం

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల నిత్యవ్యవహారంలో గని పనికి సంబంధించిన ఇంగ్లీషు పదాలు విస్తారంగా ఉన్నాయి. అయినా అక్కడ ఇంగ్లీషు నేర్చుకునేవారు వాక్యం దగ్గరకు వచ్చేసరికి తడబడతారు. ఈ తడబాటుకు మూలం తెలివి లోపం కాదనీ, తెలుగు వ్యాకరణ నియమాలు ఇంగ్లీషు వాక్యంలోకి ప్రవేశించడమేననీ ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, ఆదానపదాలు, భాషాబోధన, వాక్యనిర్మాణం.

1. ఉపోద్ఘాతం

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో ఇంగ్లాండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గనితో పాటు గని పరిభాష కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. షిఫ్టు, మస్టరు, టబ్బు, హాలర్, ఓవర్‌మెన్, రూఫు, బ్లాస్టింగు వంటి పదాలను బడి ముఖం చూడని కార్మికులు సైతం పనిలో భాగంగా నేర్చుకున్నారు. గనిని మాత్రం 'బాయి' అని తమ మాటతోనే పిలుచుకున్నారు.

ఇంతటి పదసంపద ఉన్న కుటుంబాల పిల్లలు ఇంటర్వ్యూ గదిలో 'మాకు ఇంగ్లీషు రాదు' అని తలదించుకోవడం ఆలోచించదగిన విషయం. వారికి కొరవడినది పదాలు కాదు, ఆ పదాలను కూర్చే పద్ధతి.

2. పదం తెలుగైన తీరు

గోదావరిఖని సమీపంలోని ఒక కార్మికవాడ పేరు 'యైటింక్లయిన్ కాలనీ'. పత్రికలు కూడా ఈ రూపాన్నే వాడుతున్నాయి. ఇది ఎనిమిదో నంబరు ఇంక్లైన్ గని పేరు మీద వచ్చింది. బొగ్గు పొర దగ్గరకు ఏటవాలుగా దిగే మార్గం ఇంక్లైన్. 'ఎవరు' అనే మాట 'యెవరు' అని పలికినట్లే 'ఎయిట్' ముందు యకార ధ్వని చేరింది. 'ట్' తరువాతి 'ఇ'తో కలిసి 'టి' అయింది. ఇంగ్లీషు పదాలు రెండూ తెలుగు ఉచ్చారణ నియమాలకు లోబడి ఒకే పేరుగా స్థిరపడ్డాయి.

'షిఫ్ట్' 'షిఫ్టు' కావడమూ ఇటువంటిదే. తెలుగు పదం సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఆదానపదానికి ఇది సహజమైన మార్పు. అయితే ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ ఇదే అలవాటు కొనసాగితే వినేవారికి ఇబ్బంది కలుగుతుంది. మరొక చిక్కు లిపికి సంబంధించినది. పడమర దిక్కుకూ లోపలి బనియనుకూ ఇంగ్లీషులో ఉన్న రెండు వేర్వేరు పదాలను తెలుగులో 'వెస్ట్' అనే రాస్తాం. ఇంగ్లీషులోని రెండు ధ్వనులకు తెలుగులో 'వ' ఒక్కటే ఉంది. కాబట్టి వినికిడి అభ్యాసం లేకుండా లిపి ద్వారా మాత్రమే నేర్చుకున్నవారికి ఈ భేదం అందదు.

3. వాక్యం దగ్గర చిక్కులు

3.1. కాలబోధ: 'బాపు రోజూ డ్యూటీకి పోతడు', 'బాపు రేపు డ్యూటీకి పోతడు' అనే వాక్యాల్లో క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిదానికి 'గోస్', రెండోదానికి 'విల్ గో' అవసరం. తెలుగు క్రియ అలవాటునూ భవిష్యత్తునూ ఒకే రూపంలో చెబుతుంది కాబట్టి అభ్యాసకులు ఇక్కడ తికమకపడతారు.

3.2. 'నుంచి' అర్థాలు: 'బాపు పదేండ్ల సంది ఇదే బాయిల పనిచేస్తుండు' అనే వాక్యాన్ని చాలామంది 'ఈజ్ వర్కింగ్ సిన్స్ టెన్ ఇయర్స్' అని అనువదిస్తారు. ప్రామాణిక రూపం 'హ్యాజ్ బీన్ వర్కింగ్ ఫర్ టెన్ ఇయర్స్'. 'సిన్స్' మొదలైన సమయాన్ని, 'ఫర్' గడిచిన వ్యవధిని, 'ఫ్రమ్' బయలుదేరిన చోటును తెలుపుతాయి. 2015 నుంచి, పదేళ్ళ నుంచి, మంచిర్యాల నుంచి అనే మూడింటికీ తెలుగులో ఒకే మాట సరిపోతుంది.

3.3. చతుర్థీ రూపాలు: 'నాకు జ్వరం వచ్చింది', 'నాకు తెలుసు', 'నాకు ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు' అనే వాక్యాల్లో అనుభవించే వ్యక్తి 'నాకు' అవుతాడు. ఇంగ్లీషు ఆ వ్యక్తిని 'ఐ' అనే కర్తగా నిలుపుతుంది. 'ఫీవర్ కేమ్ టు మి' అనే ప్రయోగం తెలుగు వాక్యానికి యథాతథ రూపం.

3.4. ప్రశ్న: తెలుగులో 'వచ్చిండు' చివర 'ఆ' చేరిస్తే 'వచ్చిండా?' అనే ప్రశ్న ఏర్పడుతుంది. భూతకాలం క్రియలోనే ఉంటుంది. ఇంగ్లీషులో 'డిడ్' ముందుకు వచ్చి భూతకాలాన్ని తానే మోస్తుంది. అందుకే ప్రధానక్రియ 'కమ్'గానే మిగలాలి. ఈ సూత్రం తెలియనప్పుడు 'డిడ్ హి కేమ్?' అని భూతకాలాన్ని రెండుసార్లు చెప్పడం జరుగుతుంది.

4. అర్థభేదం, గని భద్రత

పై పొరపాట్ల వల్ల భావం చాలావరకు చెడదు. గని నిబంధనలు చదివేటప్పుడు మాత్రం పరిస్థితి వేరు. పాఠ్యపుస్తకాల్లో 'షల్' భవిష్యత్కాల సూచిగా పరిచయమవుతుంది. 1952 గనుల చట్టం వంటి శాసనాల్లో అది విధిని సూచిస్తుంది. 'నో పర్సన్ షల్ ఎంటర్' అంటే 'ఎవరూ ప్రవేశించరు' అనే సమాచారం కాదు, 'ఎవరూ ప్రవేశించరాదు' అనే నిషేధం. దానికి 'అన్‌లెస్' చేరితే 'అనుమతి ఉంటే తప్ప' అనే మినహాయింపు ఏర్పడుతుంది. ఇటువంటి పదాన్ని తప్పుగా గ్రహిస్తే, ఆ పొరపాటుకు మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి రావచ్చు. చట్టంలోని ముఖ్యాంశాలను ఇంగ్లీషుతో పాటు నిర్దేశిత ఇతర భాషల్లోనూ గని వద్ద ప్రదర్శించాలని 1952 చట్టం విధించిన నియమం వెనుక ఉండిన ఆవశ్యకత ఇదే.

ఇక్కడ తెలుగు సహాయకారి కూడా. 'వెళ్ళవచ్చు' అనే మాటకు అనుమతి, సంభావ్యత అనే రెండర్థాలున్నాయి. ఇంగ్లీషు 'మే'కు కూడా ఇవే అర్థాలు. ఈ పోలిక చూపితే దీర్ఘమైన వివరణ అవసరం ఉండదు.

5. బోధనకు సూచనలు

తెలంగాణ ప్రభుత్వం 2022–23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను అందించింది. ఈ రెండు పుటలనూ అనువాదంగా మాత్రమే కాక పోలికగా చదివించడం ప్రయోజనకరం. క్రియ ఎక్కడుంది, కర్త ఎవరు, 'నుంచి'కి బదులు ఏ మాట వచ్చింది అని పిల్లలే గుర్తించగలగాలి.

వయోజనులకు వారి పనే పాఠం కావాలి. షిఫ్టు మారే వేళ చెప్పుకునే విషయాలు, హెచ్చరిక బోర్డులు, సెలవు దరఖాస్తులు వాక్యాభ్యాసానికి అనువైనవి. పదాలు ముందే తెలిసినవి కావడంతో అభ్యాసకుని దృష్టి వాక్యంపై నిలుస్తుంది. దోషాన్ని దిద్దేటప్పుడు 'తప్పు' అని ఆపడం చాలదు. దాని వెనుక ఉన్న తెలుగు వాక్యాన్ని పలికించి, రెండింటి తేడాను చూపాలి.

6. ముగింపు

అభ్యాసకుల పొరపాట్లు యాదృచ్ఛికమైనవి కావు. వాటిలో తెలుగు వ్యాకరణం క్రమబద్ధంగా పనిచేస్తున్నది. కాబట్టి మాతృభాషను తరగతి గది బయట ఉంచడం వల్ల ఈ పొరపాట్లు తొలగవు, వాటి కారణాలు మరుగున పడతాయి. తడబాటుకు కారణం తెలిసినప్పుడు సిగ్గు తగ్గి, ప్రశ్న అడిగే ధైర్యం కలుగుతుంది. ఇంటర్వ్యూ గదిలోనైనా గని ముఖద్వారం దగ్గరి బోర్డు ముందైనా అభ్యాసకునికి ముందుగా కావలసినది ఆ ధైర్యమే.